గుండెకు మందిచ్చే చేత్తోనే ఊపిరినీ కనిపెట్టుకుందాం

(సంస్థ వార్షిక సమావేశంలో ఉచిత వైద్యశాల డాక్టర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



వైద్యం మీద ప్రసంగం అనగానే ఉప్పు తగ్గించండి, నడక పెంచండి, షుగరు చూపించుకోండి అని చెబుతారని మీరు అనుకుని ఉంటారు. అవీ చెప్పవలసిన మాటలే. కానీ ఈసారి మేం ఒకే ఒక్క మాత్ర గురించి మాట్లాడదలిచాం. మీరిచ్చే సొమ్ముతో మనం నెలనెలా కొని ఇస్తున్న గుండె మందుల్లో అదొకటి. పేరు అమియోడరోన్. అది ప్రాణం నిలబెట్టే మందు. అయితే కొద్దిమందిలో అదే మందు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బను కోత లేకుండా, ఊపిరితిత్తి నుంచి ముక్క తీయకుండా, చాలావరకు తొలిదశలోనే గుర్తించే పరీక్షలున్నాయి. అవి పేదరోగికి అందాలంటే మీ సహాయం కావాలి. మా ప్రసంగ సారాంశం ఇంతే. ఇక చెప్పేదంతా దానికి వివరణ.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ మాటలు విని ఇంటికి వెళ్లి ఎవరూ ఆ మాత్ర మానకండి, ఇంట్లోవాళ్ల చేత మాన్పించకండి. గుండె లయ తప్పి ప్రాణం మీదికి వచ్చిన రోగికి ఈ మందు ఆసరాగా నిలుస్తోంది. ఒక్కసారిగా తీసేస్తే ఆ ముప్పు తిరిగి రావచ్చు. మానాలా, తగ్గించాలా, మరో మందుకు మారాలా అన్నది గుండె డాక్టరు తేల్చాలి. సరైన సమయంలో ఆయన దగ్గరికి వెళ్లడం మన చేతిలో పని.

ఈ మాత్ర ఎవరికి ఇస్తారు? గుండె ఒక తాళంలో కొట్టుకోవాలి. ఆ తాళం తప్పి, పై గదులు అదుపు లేకుండా అదిరిపోయే జబ్బు ఒకటి ఉంది. కింది గదులు పిచ్చివేగంతో కొట్టుకునే జబ్బు మరొకటి ఉంది. ఈ రెండోది నిమిషాల్లో మనిషిని పడగొట్టగలదు. గుండెపోటు వచ్చి గుండె బలహీనపడినవాళ్లలో, వయసు మీదపడినవాళ్లలో, ఆపరేషన్ అయినవాళ్లలో ఇలాంటివి చూస్తాం. మన దేశంలో మరో కారణం కూడా ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై, కీళ్లవాత జ్వరంగా మారి, గుండె కవాటాన్ని పాడుచేసే జబ్బు. ఇరుకు ఇళ్లలో పెరిగిన పేదపిల్లల్ని అది ఎక్కువగా పట్టుకుంటుంది. వాళ్లు పెద్దయ్యాక, ముఖ్యంగా ఆడవాళ్లు, గుండె దడతో మా దగ్గరికి వస్తారు. కాబట్టి ఈ మాత్ర ముసలివాళ్లకే పరిమితం అనుకోకండి. ముప్పై ఏళ్ల ఇల్లాలి చేతిలోనూ ఆ స్ట్రిప్ ఉండవచ్చు.

ఈ మందు పుట్టుక కథ కొంచెం చెప్పాలి. ఈజిప్టులో ఖెల్లా అనే మొక్క ఉంది. చూడటానికి మన వాము మొక్కకు చుట్టంలా ఉంటుంది. దాని గింజల కషాయాన్ని అక్కడి జనం తరతరాలుగా మూత్రపిండాల రాళ్ల నొప్పికి తాగేవారు. ఆ గింజల్లో ఖెల్లిన్ అనే పదార్థం ఉంది. అది గుండె రక్తనాళాలను వదులుచేస్తుందని 1940ల్లో కైరోలో పనిచేస్తున్న అన్‌రెప్ అనే శాస్త్రవేత్త గమనించారు. ఆ దారిలోనే వెళ్లి 1961లో బెల్జియం రసాయన శాస్త్రవేత్తలు అమియోడరోన్ తయారుచేశారు. మొదట దాన్ని ఛాతీనొప్పికే వాడారు. అది గుండె లయను కూడా సరిదిద్దుతుందని 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో చూపించినవారిలో బ్రమా సింగ్ ఒకరు. ఫిజీ దీవుల్లో పుట్టిన భారతీయ సంతతి డాక్టరు ఆయన. అర్జెంటీనాలో రోసెన్‌బామ్ అనే వైద్యుడు దాన్ని రోగులకు విరివిగా వాడి దాని బలం లోకానికి తెలియజేశారు. 1985లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అదే ఖెల్లిన్ నుంచి మరో మందు కూడా పుట్టింది. సిరియాలోని అలెప్పో నగరంలో పుట్టిన రోజర్ ఆల్టూన్యాన్ అనే డాక్టరు తనకున్న ఉబ్బసం మీదే ప్రయోగాలు చేసుకుని క్రోమోగ్లైకేట్ అనే ఆస్తమా మందును వెలుగులోకి తెచ్చారు. ఒకే మొక్క దారిలో వచ్చిన రెండు మందుల్లో ఒకటి ఊపిరికి మేలు చేసింది. రెండోది గుండెకు మేలు చేస్తూ కొందరి ఊపిరికి కీడు చేస్తోంది. ఆ కీడు సంగతి వైద్య పత్రికల్లో 1980 నుంచే కనిపిస్తోంది. అంటే ఇది కొత్తగా బయటపడ్డ రహస్యమేమీ కాదు. డాక్టర్లకు తెలిసిన విషయమే. తెలిసినా సమయానికి ఎందుకు గుర్తించలేకపోతారన్నదే ఇక్కడి ప్రశ్న.

మందు స్వభావం అర్థమైతే జవాబు కూడా అర్థమవుతుంది. అమియోడరోన్ బరువులో సుమారు 37 శాతం అయోడినే. 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. అందుకే ఈ మందు థైరాయిడ్‌ను కూడా అటూఇటూ చేస్తుంది. రెండో గుణం, ఇది కొవ్వులో కరిగి శరీరంలో నిలవ చేరుతుంది. మామూలు మాత్రలు ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతాయి. ఇది మాత్రం ఆపేశాక సగానికి తగ్గడానికే సగటున రెండు నెలలు పడుతుంది. కొందరిలో అంతకంటే ఎక్కువ. మాత్ర మానేసినా మందు మనల్ని వెంటనే వదలదు.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది? మన ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న గాలి సంచులుంటాయి. వాటిలో పేరుకునే వ్యర్థాలను ఎప్పటికప్పుడు ఊడ్చే కణాలున్నాయి. మున్సిపాలిటీ బండి వీధి చెత్త ఎత్తినట్టు అవి పనిచేస్తాయి. ఈ మందు ఆ కణాల లోపల చేరి, కొవ్వును కరిగించే పనిని అడ్డుకుంటుంది. చెత్త ఎక్కడిదక్కడ పేరుకుంటుంది. కొందరి శరీరం దీనికి తోడు తిరగబడుతుంది, వాపు వస్తుంది. గాలి సంచుల గోడలు మందమవుతాయి. ఆక్సిజన్ రక్తంలోకి దాటడం కష్టమవుతుంది. ఆ దశలో పట్టుకుంటే చాలామందిలో నయమవుతుంది. దాటిపోతే గోడలు మచ్చకట్టి గట్టిపడతాయి. ఆ మచ్చను ఏ మందూ వెనక్కి తిప్పలేదు.

అందరికీ ఇలా జరగదు. రోజుకు 400 మిల్లీగ్రాములు, అంతకు మించి నెలల తరబడి వాడినవాళ్లలో ముప్పు ఎక్కువ. ఇప్పుడు సాధారణంగా ఇచ్చే 200, 100 మిల్లీగ్రాముల మోతాదులో తక్కువ, కానీ లేకపోలేదు. ఏళ్ల తరబడి వాడినకొద్దీ పెరుగుతుంది. అరవై దాటినవాళ్లు, ముందే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ మందు వాడుతూ పెద్ద ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు మత్తు డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పాలి. ఎక్కువ మోతాదు ఆక్సిజన్, ఆపరేషన్ ఒత్తిడి కలిసి ఊపిరితిత్తులను ఉన్నట్టుండి దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు ఒక రోగిని ఊహించుకోండి. మన మహల్లాలో ఏ ఇంట్లోనైనా ఉండగల పెద్దాయన. టైలరు పనో, బేకరీ పనో చేసి రిటైరయ్యారు. రెండేళ్లుగా ఈ మాత్ర వాడుతున్నారు. గుండె దడ తగ్గింది, అల్‌హమ్దులిల్లాహ్. కొన్నాళ్లకు పొడిదగ్గు మొదలైంది. కొద్దిగా జ్వరం, ఆకలి లేదు, బరువు తగ్గారు. క్రితం రంజాన్‌లో తరావీహ్ మొత్తం నిలబడి చదివిన మనిషి ఈసారి కుర్చీ అడిగారు. ఇంట్లోవాళ్లు "వయసు కదా" అన్నారు. దగ్గు ఆగక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలు కనిపించాయి.

ఇక్కడ మూడు తప్పుదారులు ఎదురవుతాయి. మొదటిది, గుండె జబ్బు మనిషి కాబట్టి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనుకోవడం. నీరు పోయే మాత్ర మోతాదు పెంచుతారు. ఆయాసం తగ్గదు, మూత్రపిండాలు అలసిపోతాయి. రెండోది, న్యుమోనియా అనుకోవడం. ఒక యాంటీబయాటిక్ తర్వాత మరొకటి మారుస్తారు. మూడోది మన దేశంలో చాలా సహజంగా వచ్చే అనుమానం, టీబీ. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అన్నీ ఉన్నాయి కదా. కఫం పరీక్షలో ఏమీ లేకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెడితే మరో చిక్కు వస్తుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ రక్తంలో అమియోడరోన్ స్థాయిని తగ్గిస్తుంది. ఊపిరితిత్తి బాగుపడదు సరికదా, గుండె లయ మళ్లీ తప్పవచ్చు. ఈ మూడు దారుల్లో తిరిగేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. మచ్చకట్టడానికి ఆ వ్యవధి చాలు.

మరి ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుండె బలహీనంగా ఉన్న మనిషికి, ఆయాసపడుతున్న మనిషికి మత్తిచ్చి ముక్క తీయడమే ప్రమాదం. ఇందాక చెప్పినట్టు ఆపరేషన్, ఆక్సిజన్ కలిసి ఉన్న దెబ్బను పెంచవచ్చు. పోనీ గొట్టం వేసి ఊపిరితిత్తిని కడిగి ఆ నీటిని చూద్దామంటే, కొవ్వు నిండి నురగలా కనిపించే కణాలు దొరుకుతాయి. కానీ అవి ఈ మందు వాడుతూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ దొరుకుతాయి. మందు లోపలికి చేరిందని అవి చెబుతాయి, హాని చేసిందని చెప్పలేవు. క్రిముల్ని వెతకడానికి ఆ కడుగుడు పరీక్ష కొన్నిసార్లు అవసరమవుతుంది. అయినా చాలామంది రోగుల్లో ముక్క తీయనవసరం లేకుండానే నిర్ణయానికి రావచ్చు. ఒక్క పరీక్షతో కాదు, నాలుగైదు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి. ఖాజీ ముందు ఒక్క సాక్షి మాట చాలనప్పుడు మరికొందరిని పిలిచినట్టే ఇది.

మొదటి సాక్షి రోగి ఇంట్లోనే ఉంది. మందుల సంచి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా అన్నది అడగగానే చెప్పగలిగితే సగం దారి నడిచినట్టే. కాలివాపు, బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం ఎక్కువవడం ఉంటే గుండె వైపు అనుమానం. పొడిదగ్గు, సన్నజ్వరం, బరువు తగ్గడం ఉంటే ఊపిరితిత్తి వైపు అనుమానం. ఇది తిరుగులేని గీత కాదు, తొలి ఆనవాలు మాత్రమే.

రెండో సాక్షి ఆక్సీమీటర్. కోవిడ్ రోజుల్లో కొన్నది చాలా ఇళ్లలో సొరుగులో పడి ఉంది. కూర్చున్నప్పుడు అంకె బాగానే ఉండి, ఆరు నిమిషాలు నడిచేసరికి పడిపోతే గాలి సంచుల గోడల్లో ఏదో ఉందని అర్థం. మా వైద్యశాల వరండాలో చేయగల పరీక్ష ఇది.

మూడో సాక్షి గుండెకు సంబంధించినది. ఎకో పరీక్ష, దానితో పాటు బీఎన్‌పీ అనే రక్తపరీక్ష. గుండె గోడలు ఒత్తిడికి సాగినప్పుడు ఈ పదార్థాన్ని వదులుతాయి. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట పంది మెదడులో కనిపెట్టడం వల్ల పేరులో మెదడు చేరింది కానీ, ఎక్కువగా పుట్టేది గుండెలోనే. ఆయాసపడుతున్న మనిషిలో బీఎన్‌పీ బాగా తక్కువగా ఉంటే, ఆ ఆయాసానికి కారణం గుండె నీరసం కాకపోవచ్చు. గుండె లయ తప్పినవాళ్లలో నీరు చేరకపోయినా ఇది కొంత పెరుగుతుంది కాబట్టి, ఎక్కువగా ఉన్నంత మాత్రాన గుండెదే తప్పని తేల్చకూడదు.

నాలుగో సాక్షి ఊపిరి పరీక్ష. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ మీలో చాలామందికి తెలుసు. దానితో పాటు డీఎల్‌సీఓ అనే మరో పరీక్ష ఉంది. చాలా కొద్దిగా, వెయ్యికి మూడు వంతుల కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని ఒక్కసారి పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగపట్టి వదలాలి. పీల్చిన దాంట్లో ఎంత రక్తంలోకి దాటిందో యంత్రం లెక్కకడుతుంది. గాలి సంచుల గోడ మందమైతే ఆ లెక్క తగ్గుతుంది. కోపెన్‌హాగెన్‌లో మరీ క్రో అనే డాక్టరమ్మ 1915లోనే ఈ పద్ధతికి దారి వేశారు. నొప్పి లేదు, సూది లేదు. ఈ అంకె మామూలుగా ఉంటే ఊపిరితిత్తికి ఈ మందు పెద్ద హాని చేసి ఉండదని చాలావరకు ధైర్యం చెప్పవచ్చు. ముందున్న అంకె కంటే 15 నుంచి 20 శాతం తగ్గితే అనుమానించాల్సిందే. రక్తహీనత ఉన్నా, గుండె బలహీనంగా ఉన్నా ఇది తగ్గుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ చూసి లెక్క సరిచేయాలి.

అయిదో సాక్షి అన్నిటికంటే గట్టిది. ఊపిరితిత్తుల సీటీ స్కాన్, అందులోనూ హెచ్‌ఆర్‌సీటీ. అయోడిన్ ఎక్స్‌రే కిరణాలను బాగా ఆపుతుంది. స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉండేది అందుకే. అమియోడరోన్ కూడా అయోడిన్ మందే కాబట్టి అది పేరుకున్న చోటు స్కాన్‌లో తానే తెల్లగా మెరుస్తుంది. సీటీ కొలతలో నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి. మామూలు కాలేయం 55, 65 మధ్య ఉంటుంది. ఈ మందు ఎక్కువగా పేరుకున్నవాళ్లలో అది 90, 100 కూడా దాటవచ్చు. ఊపిరితిత్తి మచ్చలు కూడా అలాగే గాఢంగా కనిపిస్తే, ఆ మచ్చల్లో ఈ మందు ఉందని స్కానే చెబుతున్నట్టు. కాలేయం మెరవడం మందు వాడకానికి గుర్తు. ఊపిరితిత్తి మచ్చ మెరవడం హానికి గట్టి ఆధారం. అయితే మెరుపు లేదని ధైర్యపడి వదిలేయకూడదు. గాజు మీద ఆవిరి పట్టినట్టు కనిపించే మసక మాత్రమే ఉన్న రోగులూ ఉంటారు.

ఇక్కడ రెండు చిన్న సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఈ అనుమానంతో చేసే స్కాన్ కాంట్రాస్ట్ లేకుండా చేయాలి. కాంట్రాస్ట్ ఎక్కిస్తే మాత్ర అయోడిన్ ఏదో, సూది అయోడిన్ ఏదో తెలియదు. రెండు, చీటీ మీద "అమియోడరోన్ వాడుతున్నారు" అని డాక్టరు రాయాలి. రాయకపోతే రోగి అయినా స్కాన్ సెంటర్‌లో చెప్పాలి. ఆ ఒక్క మాట తెలిస్తే స్కాన్ చదివే డాక్టరు చూపు కాలేయం మీదికీ వెళ్తుంది.

పెద్ద నగరాల్లో గాలియం స్కాన్ అనే అణువైద్య పరీక్ష కూడా ఉంది. వాపు ఉన్న చోట ఆ మందు చేరి వెలుగుతుంది. గుండె నీరు మాత్రమే ఉన్న ఊపిరితిత్తి సాధారణంగా వెలగదు. టీబీ వంటి జబ్బుల్లోనూ వెలుగుతుంది కాబట్టి అదొక్కటే చాలదు. స్కాన్లు మెరుగుపడిన ఈ రోజుల్లో దాని అవసరం తగ్గింది.

వీటన్నిటికీ తోడుగా కఫం పరీక్ష తప్పనిసరి. టీబీ పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఎందుకు తప్పనిసరి అంటే, ఈ మందు వల్ల వచ్చిన దెబ్బకు చికిత్స స్టెరాయిడ్. టీబీ దాగి ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే టీబీ చెలరేగుతుంది. టీబీ లేదని తేలాక, గుండె డాక్టరు సలహాతో అమియోడరోన్ ఆపి, అవసరమైతే స్టెరాయిడ్ మొదలుపెడతారు. మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి స్టెరాయిడ్‌ను కూడా నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గించాలి. రెండు వారాల్లో బాగుందని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. షుగరు ఉన్నవాళ్లను ఆ నెలల్లో దగ్గరగా కనిపెట్టుకోవాలి. మందు ఆపాక రోగి కోలుకోవడమే చివరి సాక్ష్యం.

ఇప్పుడు దాతలతో అసలు మాట. డీఎల్‌సీఓ గురించి చెబుతూ "ముందున్న అంకె కంటే తగ్గితే" అన్నాం. ఆ ముందున్న అంకె ఎక్కడుంది? మీలో చాలామంది వ్యాపారస్తులు. ఏడాది మొదటి రోజు దుకాణంలో ఎంత సరుకుందో రాసుకోకుండా, ఏడాది చివర ఎంత పోయిందో ఎవరైనా చెప్పగలరా? రోగి విషయమూ అంతే. మాత్ర మొదలైన రోజుల్లో తీసిన ఒక ఎక్స్‌రే, ఒక ఊపిరి పరీక్ష ఉంటే, రెండేళ్ల తర్వాత దగ్గు వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడగానే తేడా తెలుస్తుంది. అవి లేకపోతే ఎంత పెద్ద డాక్టరైనా పొగతాగిన రోజుల మచ్చ ఏదో, కొత్త మచ్చ ఏదో ఊహించుకోవాల్సిందే. అందుకే వైద్య మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. మొదట్లో ఛాతీ ఎక్స్‌రే, డీఎల్‌సీఓతో కూడిన ఊపిరి పరీక్ష, థైరాయిడ్, కాలేయం పరీక్షలు చేయాలి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయం, ఏడాదికోసారి ఎక్స్‌రే చూడాలి. దగ్గో, ఆయాసమో వస్తే ఆలస్యం లేకుండా ఊపిరి పరీక్ష, స్కాన్ చేయించాలి.

పేదరోగి దగ్గర ఇవేవీ ఎందుకు ఉండవు? మాత్ర చవక. మనం ఇస్తే అది కూడా ఉచితం. పరీక్ష మాత్రం ఊరు దాటి వెళ్లి చేయించుకోవాలి. ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చిన కొడుకు కూలి కూడా పోతుంది. బస్సు చార్జీ, పరీక్ష ఖర్చు కలిపితే నెల సరుకుల డబ్బు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల బలం ఎక్కువగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల్లో ఉంది. బాగున్న మనిషికి ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష ఎవరి ఖాతాలోనూ పడదు. "ఇప్పుడు బాగానే ఉన్నా కదా డాక్టర్ సాబ్, దగ్గొస్తే అప్పుడు చూద్దాం" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ముందుజాగ్రత్త పరీక్షకు వేలల్లో అయ్యే ఖర్చు, ఐసీయూ గుమ్మం ముందు లక్షల్లోకి మారుతుంది. అక్కడ లక్షలు పోసినా చాలామంది దక్కరు.

ఒకరి చేతిలో బలమైన మందు పెట్టినప్పుడు ఆ మనిషి ప్రాణం మన దగ్గర అమానత్ అవుతుందని మేం నమ్ముతాం. మాత్ర కొని ఇవ్వడంతో ఆ అమానత్ తీరిపోదు. ఆ మాత్ర ఏం చేస్తోందో చూసుకోవడం కూడా అందులో భాగమే. అందుకని దాతల ముందు మూడు కోరికలు పెడుతున్నాం.

ఒకటి, మన సాయంతో అమియోడరోన్ వాడే ప్రతి రోగికీ తొలి పరీక్షల ఖర్చు సంస్థే భరించాలి. మందు మొదలై చాలా కాలమైనవాళ్లకు కూడా ఈ రోజు అంకెనే మొదటి అంకెగా రాసిపెడదాం. రేపటికి అది పనికొస్తుంది.

రెండు, దగ్గు, ఆయాసం వచ్చిన రోగిని వారం రోజుల లోపు స్కాన్ ఉన్న ఊరికి పంపడానికి ఒక చిన్న నిధి కావాలి. ప్రయాణం, తోడు మనిషి భోజనం కూడా అందులోంచే. ఎవరినీ అర్జీలు పట్టుకుని తిప్పించుకోకుండా, డాక్టరు చీటీ మీదే డబ్బు విడుదల కావాలి.

మూడు, ప్రతి రోగికీ ఒక గట్టి సంచి. అందులో పాత ఎక్స్‌రే ఫిల్ములు, రిపోర్టులు, మందు మొదలైన తేదీ, మోతాదు రాసిన కార్డు ఉండాలి. మూడింటిలోకీ చవకైనది ఇదే, చాలాసార్లు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

ఏ సొమ్ము దేనికి వాడవచ్చన్న విషయంలో ఉలమాల మాటే మనకు దారి. హనఫీ ఫిఖ్హ్‌లో జకాత్‌కు తమ్లీక్ షరతు ఉంది. ఆ సొమ్ము అర్హుడైన పేదవాడి సొంతం కావాలి. కాబట్టి రోగి చేతికి ఇచ్చి, ఆయన తన పరీక్షకు తానే కట్టుకునేలా జకాత్ ఖాతా నడుపుదాం. వైద్యశాలకు కావలసిన పరికరాలు, సంచులు, కార్డులు, ఉద్యోగుల ఖర్చు సదఖా, లిల్లాహ్ ఖాతాల నుంచి చేద్దాం. జకాత్‌కు అర్హులు కాని మధ్యతరగతి కుటుంబాలు కూడా ఈ ఖర్చు దగ్గర తడబడుతుంటాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడతాయి. వాళ్ల కోసం కూడా సదఖా ఖాతాలో కొంత పక్కన పెట్టాలి.

డబ్బు ఇవ్వలేనివాళ్లు కూడా ఒక పని చేయగలరు. రోగిని పరామర్శించడం మన దీన్‌లో ఎంత పుణ్యమో అందరికీ తెలుసు. ఈసారి పరామర్శకు వెళ్లినప్పుడు పండ్లతో పాటు ఒక ప్రశ్న కూడా తీసుకెళ్లండి. "చాచా, గుండెకు ఏ మాత్ర వేసుకుంటున్నారు? దగ్గేమైనా వస్తోందా?" అని అడగండి. స్ట్రిప్ మీద అమియోడరోన్ అని ఉండి, దగ్గు రెండు వారాలు దాటి ఉంటే మా దగ్గరికి తీసుకురండి. మస్జిద్ మెట్లెక్కి మధ్యలో ఆగుతున్న పెద్దవాళ్లను, సఫ్‌లోంచి కుర్చీకి మారినవాళ్లను గమనించేది పక్కన నిలబడి నమాజ్ చదివే మీరే. మేం నెలకోసారి చూస్తాం, మీరు రోజుకు ఐదుసార్లు చూస్తారు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఇంటిల్లిపాదికీ మందులు గుర్తుచేసేది మీరే, మీ మందు దగ్గరికి వచ్చేసరికి ఊరుకునేదీ మీరే. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని ఇంటిపని అలసట ఖాతాలో వేసుకోకండి. మా మహిళా డాక్టరు ఉన్న రోజు వచ్చి ఒక్కసారి ఆక్సీమీటర్ పెట్టి నడిచి చూడండి.

మీరిచ్చే ప్రతి రూపాయి మందు రూపంలో ఇప్పటికే ఎన్నో గుండెలను నడిపిస్తోంది. ఆ మందుతో పాటు ఒక ఎక్స్‌రే, ఒక ఊపిరి పరీక్ష కూడా నడిస్తే, ఇన్షా అల్లాహ్, గుండె నిలిచిన మనిషి ఊపిరి కూడా నిలుస్తుంది. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. దాతల సంపాదనలో బర్కత్ ఇచ్చి, వారి దానాన్ని స్వీకరించుగాక. వైద్యం చేసే మా చేతులకు అప్రమత్తతను, చూసే కళ్లకు నిదానాన్ని ఇచ్చుగాక. ఆమీన్.